ఇసుకలో దాచిన మందు

మా ఇంట్లో ఏ మందునూ పారబోసే అలవాటు లేదు. పిల్లలకు జ్వరం దిగగానే సీసా మూత బిగించి, నీళ్లకుండ కింద తడి ఇసుకలో గుచ్చిపెట్టేదాన్ని. ఫ్రిజ్ లేని ఇల్లు, అక్కడైతే చల్లగా ఉంటుందని. పిల్లలకు డాక్టర్లు రాసే ఆ గులాబిరంగు యాంటీబయాటిక్ మందు పొడిగా వస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు పోసి కలిపాక ఇన్ని రోజుల్లో అయిపోగొట్టాలని సీసా మీద రాసే ఉంటుంది. నేను పదో తరగతి పాసైన మనిషిని, చదవడం వచ్చు. చదవలేదు, అంతే. కోస్గిలో మా గల్లీలో ఏ పిల్లకు ఒళ్లు కాలినా తల్లులు నా కుట్టుమిషను దగ్గరికి వచ్చేవాళ్లు. "అక్కా, గా గులాబి మందు ఏమన్న మిగిలిందా?" అని అడిగితే పెద్ద డాక్టరమ్మలా మూడు చెంచాలు కొలిచి ఇచ్చేదాన్ని. ఎంత గర్వమో నాకు.

కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, వానలు ముఖం చాటేసిన వానకాలంలో, నా చిన్న బిడ్డకు తొడ మీద సెగగడ్డ లేచింది. అప్పటికి నాలుగేళ్లది. ఇసుకలోంచి సీసా తీసి రెండు రోజులు పోశాను. జ్వరం దిగింది, ఆపేశాను. వారానికి మళ్లీ ఒళ్లు కాలింది, మళ్లీ పోశాను. అట్లా మూడుసార్లు. గడ్డ మానింది గానీ నెల తిరక్కుండా పిల్ల కుంటడం మొదలుపెట్టింది. వేషాలు వేస్తోందనుకుని వీపు మీద ఒకటి వేశాను కూడా. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మర్నాటికి మోకాలి పైన వాచి, కాలు కింద పెట్టలేకపోయింది.

మా ఆయన బొంబాయిలో పనికి పోయి ఉన్నాడు. దవాఖానకు ఒక్కరు పోతే పని కాదు. ఒకరు పిల్లను ఎత్తుకోవాలి, ఒకరు లైన్లో నిలబడాలి. ఆడబిడ్డ ఊరికి పోయిన మా అత్త తిరిగొచ్చేదాకా రెండు రోజులు ఆగాను. మూడో నాడు పొద్దున పాలమూరు బస్సెక్కాం. గతుకు వచ్చినప్పుడల్లా పిల్ల నా మెడను గోళ్లతో రక్కింది.

బస్సులో అత్త నాకు పాఠం చెప్పింది. "డాక్టరు అడిగితే మందులేం పొయ్యలేదని చెప్పు. పోసినమంటె తిట్టి ఎల్లగొడ్తరు." ఇది ఆమె సొంత తెలివేం కాదు. మా దిక్కున అందరూ చెప్పే మాటే. అంతకుముందు మా పెద్దకొడుకును ఒక దవాఖానలో చూపించినప్పుడు నేను నిజం చెప్పి చూశాను. "నువ్వే డాక్టరువైతే ఇక్కడికెందుకొచ్చినవ్?" అని అక్కడి నర్సు లైనంతా వినేటట్టు అడిగింది. అందరూ నవ్వారు. ఆ నవ్వు నా కడుపులో అట్లాగే ఉండిపోయింది.

పాలమూరు దవాఖానలో ఈ డాక్టరమ్మ మాత్రం చిన్న వయసుది, మెత్తగా మాట్లాడింది. కాలు పట్టి చూసి, "అమ్మా, ఇంతకుముందు ఏమన్న మందులు వాడిన్రా? గుర్తు చేసుకొని చెప్పు," అన్నది.

"ఏం వాడలే మేడం."

"సిరప్ గూడ పొయ్యలేదా?"

"లేదు మేడం."

ఆమె రాసుకున్నది. పక్కన అత్త తల ఊపింది. నాకు హమ్మయ్య అనిపించింది కూడా, దాచుకోవడం ఎందుకు?

సూదులు మొదలుపెట్టారు. మూడు రోజులు గడిచినా జ్వరం దిగలేదు, వాపు తొడ పైకి పాకింది. నాలుగో రోజు కాలు కోసి చీము తీశారు, దాన్ని పరీక్షకు పంపారు. ఆ సాయంత్రం డాక్టరమ్మ వచ్చి మంచం మీద పిల్ల కాళ్ల దగ్గర కూర్చుంది. "ఏదో మందుకు అలవాటుపడ్డ పురుగు లెక్కనే ఉన్నది. రిపోర్టు వచ్చేదాంక ఏ మందు పెట్టాల్నో నాకు తెల్వాలె. నిన్ను ఏమనను. చెప్పమ్మా," అన్నది.

అత్త నా నడుము గిల్లింది. నేను చెప్పేశాను. గులాబి మందు, మూడుసార్లు, రెండేసి రోజులు, ఇసుక. అంతా.

ఆమె "మొదటి దినమే చెప్తే నేను ఈ మందు పెట్టకపోదును కదమ్మా," అన్నది. లేచి వెళ్లి అప్పుడే మందు మార్పించింది. తర్వాత వచ్చిన రిపోర్టులో వరసగా మందుల పేర్లు, వాటిలో చాలావాటి ఎదురుగా పనిచేయదని గుర్తు. ఆరు వారాలు ఆ వార్డులోనే ఉన్నాం. నేల మీద పడుకున్నాం, వరండాలో బట్టలు ఆరేసుకున్నాం. పాణం దక్కింది. కానీ ఎముక పెరిగే చోటును చీము తినేసింది. పిల్ల పెరుగుతుంది, ఆ కాలు దాంతో సమానంగా పెరగదు అని చెప్పి పంపారు.

ఇంటికొచ్చాక అడిగినవాళ్లందరికీ పుట్టుకతోనే అని చెప్పాం. గల్లీలో కొత్తగా వచ్చినవాళ్లకు, బడిలో సార్లకు. నా బిడ్డ కొంచెం పెద్దదై నన్నే అడిగితే దానికీ అదే చెప్పాను. పుట్టుక మీదకు నెడితే నన్నెవరూ ఏమీ అడగరు కదా.

ఇప్పుడు దానికి పద్నాలుగేళ్లు. మొన్న వికలాంగుల సర్టిఫికెట్ కోసం పాలమూరు తీసుకుపోయాను. పాత కాగితాలన్నీ తెమ్మంటే బుద్ధి లేకుండా అన్నీ సంచిలో కుక్కి తీసుకుపోయాను. అక్కడి డాక్టరు అడిగితే అలవాటుగా "పుట్టుకతోనే సార్," అన్నాను. ఆయన కాగితాలు తిరగేశాడు. "నాలుగేళ్లప్పుడు ఎముకలో చీము పట్టిందని ఉంది కదమ్మా. ముందు వాడిన మందులు ఆలస్యంగా చెప్పారని కూడా రాశారు," అన్నాడు. నా బిడ్డ పక్కనే నిలబడి వింటోంది.

తిరుగు బస్సు పాలమూరు దాటాక అది నా వైపు తిరిగింది. నేను నా చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాను.

"అమ్మా, నేను పుట్టినప్పుడు నా కాళ్లు రెండు సమానమేనా?"

"సమానమే బిడ్డా."

"మరి నేను ఉరికేదాన్నా?"

"ఉరికేదానివి. నిన్ను పట్టుకోలేక సచ్చేదాన్ని."

అది కిటికీ వైపు తిరిగింది. చాలాసేపు గుర్తు చేసుకోవాలని చూసినట్టుంది.

"నాకు యాది లేదు," అన్నది.