నీళ్ళతొట్టిలో ఏడో దిమ్మె

వీధిలో అందరూ ఆయన్ని టకటక బాబాయ్ అంటారు. ఏది కనబడినా వేలి మెటికతో మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి వింటాడు కాబట్టి. పుచ్చకాయైనా అంతే, తలుపైనా అంతే. పెళ్ళైన కొత్తలో అత్తగారింటికి వెళ్ళి, మామగారిని పలకరించకముందే వరండా స్తంభాన్ని కొట్టి చూసి "పర్లేదు, గట్టిదే" అన్నాడట. మామగారు అది తననే అన్నాడనుకుని మురిసిపోయాడట. ఈ ముక్కని పిన్ని ముప్పై ఏళ్ళుగా కనిపించినవాళ్ళందరికీ చెబుతూనే ఉంది.

ఆయన ఉద్యోగం కాంక్రీటుని పరీక్షించే ల్యాబులో. ఎక్కడ ఏ కట్టడం లేస్తున్నా, పోసిన కాంక్రీటులోంచి కాస్త తీసి ఇనప అచ్చుల్లో నింపి ఆరు దిమ్మెలు చేస్తారు. ఒక్కోటి ఎనిమిది కిలోలుంటుంది. వాటిని నీళ్ళతొట్టిలో పడుకోబెట్టి, మూడింటిని ఏడోరోజున, మిగతా మూడింటిని ఇరవై ఎనిమిదో రోజున ప్రెస్సులో పెట్టి నలపడం, ఎన్ని టన్నుల దగ్గర పగిలాయో కాయితం మీద రాసి సంతకం పెట్టడం, ఇదీ ఆయన పని. ఇల్లు కట్టుకునే ప్రతివాడికీ ఆయనతో పని పడుతుంది కనక సందేహాలకి లోటు లేదు.

"బాబాయ్, స్లాబు వేశాక ఎన్నాళ్ళు నీళ్ళు పెట్టాలి?"

"పదిరోజులు తగ్గకుండా. మీ ఆవిడ కుళాయి కట్టేసినా సరే, బిందెలతో మొయ్యి."

"సిమెంటు ఇంకో బస్తా వేస్తే బలం పెరుగుతుందా?"

"కూరలో ఇంకో గుప్పెడు ఉప్పు వేస్తే రుచి పెరుగుతుందా? బీటలొస్తాయి."

"గోడకి సన్నగా గీత పడింది బాబాయ్."

"గోరు దూరుతోందా? దూరకపోతే హాయిగా నిద్రపో. దూరితే నన్ను లేపు."

అన్నిటికన్నా ఆయనకి ఇష్టమైన ప్రశ్న ఒకటుంది. కాంక్రీటు ఎండడానికి ఎన్నాళ్ళు పడుతుందని ఎవరైనా అడిగితే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కాంక్రీటు ఎండదు, నీళ్ళు తాగి గట్టిపడుతుంది, తడి ఉన్నన్నాళ్ళూ లోపల ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది అని చెబుతాడు. చెప్పినంతసేపూ పిల్లల పెంపకం గురించి చెబుతున్నట్టే ఉంటుంది.

ఇంత తెలిసినవాడు ఒకచోట నోరు మూసుకున్నాడు.

ఆరేళ్ళ కిందట ఒక కాంట్రాక్టరు ఐదంతస్తుల ఇళ్ళు కడుతూ దిమ్మెలు పంపేవాడు. వేరువేరు రోజుల తేదీలు, వేరువేరు స్తంభాల గుర్తులు. యాభై ఏడు టన్నులు తట్టుకుంటే పాసు. అన్నీ డెబ్భై దగ్గరే పగిలేవి. డెబ్భై, డెబ్భై, డెబ్భై ఒకటి. ఒకే చేత్తో ఒకే పూట కలిపినా అంత సరిసమానంగా రావు, రోజులు మారితే ఎలా వస్తాయి? పెరట్లో ఒకేరోజు మంచి సరుకుతో దిమ్మెలన్నీ పోసి, తేదీలు మాత్రం మార్చి రాస్తున్నారని బాబాయ్‌కి మూడో వారంలోనే అర్థమైంది. "అన్నీ కవలపిల్లలే పంపుతున్నావే" అని కాంట్రాక్టరుతో అన్నాడు కూడా. వాడు నవ్వాడు. ఈయనా నవ్వి సంతకం పెట్టాడు. మెషీను చూపించిన అంకెనే రాశాను కదా, నేను అబద్ధమేం రాశాను అనుకున్నాడు. రెండేళ్ళ తరవాత అదే కాంట్రాక్టరు కాన్పుల ఆసుపత్రి కట్టినప్పుడూ అలాగే అనుకున్నాడు.

ఆ ఐదంతస్తుల పని నడుస్తున్నప్పుడే ఒక ముసలి మేస్త్రీ గోనెసంచిలో ఒక దిమ్మెని మోసుకొచ్చాడు. మేకుతో దాని మీద తేదీ గీకి ఉంది. కింద ఒక గీత, గీత చివర కొక్కెంలా వంపు, అదే అతని సంతకం.

"సార్, ఇది కింద మూల స్తంభం పోసేటప్పుడు తట్టలోంచి తీసింది. దీన్ని కూడా చూడండి."

"ఆఫీసు లెటర్ తెచ్చావా? లెటర్ లేకుండా పరీక్ష చెయ్యం. అక్కడ తొట్టిలో పెట్టి, లెటర్ పట్రా."

మేస్త్రీ ఆ ఏడో దిమ్మెని తొట్టి అడుగున మూలకి పెట్టి వెళ్ళాడు. లెటర్ తేలేదు. పరంజా మీంచి పడి చనిపోయాడని తరవాత తెలిసింది. దిమ్మె మాత్రం ఆరేళ్ళు నీళ్ళలోనే ఉండిపోయింది.

ఈ ఏడాది బాబాయ్ కూతురూ అల్లుడూ ఆ ఇళ్ళలోనే రెండో అంతస్తులో కొనుక్కున్నారు. "మీరు పాస్ చేసిన కాంక్రీటే కదా మామయ్యా, ఇంకేం కావాలి" అన్నాడు అల్లుడు. వద్దు అంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలంటే ముఖం చెల్లదు. "బానే ఉంటుంది" అన్నాడు బాబాయ్. ఆ మాట అన్నందుకు ఆయన్ని ఎంత తిట్టినా తప్పులేదు, నేనైతే తిడతాను.

వాళ్ళు చేరిన వారం, పొద్దున ల్యాబు తలుపు తీసేసరికి ఏడో దిమ్మె తొట్టి గట్టు మీద ఉంది. తడిసి, నీళ్ళు కారుతూ. లోపల మూలన పెట్టాడు. మర్నాడు మళ్ళీ గట్టు మీదే ఉంది. ఊడ్చే ఆవిణ్ణి అడిగితే ఆవిడ చీపురు కింద పెట్టింది.

"ఎనిమిది కిలోల రాయితో నాకేం పని సార్? చీపురు ఎత్తడానికే నా మోకాళ్ళు ఏడుస్తున్నాయి."

మూడోరోజు దాని మీద ఇంకో నాలుగు దిమ్మెలు బరువు పెట్టి వెళ్ళాడు. నాలుగోరోజు ఆ నాలుగూ కదలకుండా అక్కడే ఉన్నాయి. ఏడోది గట్టు మీద, మేకుతో గీకిన వైపు తలుపుకేసి తిరిగి ఉంది.  బాబాయ్ అలవాటు చొప్పున దాన్ని గుడ్డతో తుడిచి, మెటికతో మూడుసార్లు కొట్టి చెవి ఆనించాడు. మోత డొల్లగా ఉంది. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది.

పదింటికి కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, హాల్లో మూలన స్తంభం ఉంది కదా. ఇందాక లోపల్నించి ఎవరో మూడుసార్లు కొట్టారు. అచ్చం నువ్వు కొట్టినట్టే."

"పక్కింటివాళ్ళు ఏ మేకో కొడుతున్నారేమో."

"ఆ మూల అవతల పక్కిల్లు లేదు నాన్నా. గాలే."

"ఎప్పుడు?"

"తొమ్మిదిన్నరకి."

ఫోన్ పెట్టకుండానే బాబాయ్ దిమ్మె మీద ఒక్క దెబ్బ, చాలా మెల్లిగా కొట్టాడు.

"మళ్ళీ" అంది కూతురు. "ఇప్పుడు ఒక్కసారే."

 ఆ ఇళ్ళలో ఇరవై కుటుంబాలున్నాయి. ఖాళీ చెయ్యండంటే అంకె చూపించమంటారు. అంకె కావాలంటే దిమ్మెని ప్రెస్సులో పెట్టాలి. పెట్టి నలిపితే అక్కడ స్తంభమూ నలుగుతుంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి చేతిలో అంకె లేకుండా మాట్లాడాలి. దిమ్మెకి తన చొక్కా చుట్టి, చంటిబిడ్డని పడుకోబెట్టినట్టు బల్ల మీద పెట్టి, బనీనుతోనే ఆటో ఎక్కాడు.

మెట్ల దగ్గర అందర్నీ పోగుచేసి, మూల స్తంభం నిలబడదు, ఇళ్ళు ఖాళీ చెయ్యండని చెప్పేసరికి పన్నెండైంది. ఆయన బనీను చూసి కొందరు నవ్వారు. ఆ తరవాత రోజూ అడిగే ప్రశ్నలే అడిగారు.

"ఆరేళ్ళుగా ఏం కాలేదు కదా బాబాయ్, ఇప్పుడేమవుతుంది?"

"అవ్వాల్సింది లోపల అవుతూ ఉండి ఉంటుంది. మనకి కనబడలేదు."

"పైన సిమెంటు పూత వేయిస్తే సరిపోదా?"

"పుండుకి పౌడరు రాసినట్టే."

"మరి కాంక్రీటు పాస్ అయిందని సంతకం ఉందట కదా?"

బాబాయ్ కూతురి వైపు చూశాడు, అల్లుడి వైపు చూడలేకపోయాడు.

"ఆ సంతకం నాదే. వాళ్ళు పంపిన దిమ్మెలు ఈ ఇంటివి కావని నాకు తెలుసు. తెలిసే పెట్టాను."

ఎవరూ కదల్లేదు. ఎవరో ఆయనకి ఎండ దెబ్బ తగిలిందన్నారు. అప్పుడాయన కిందికి దిగి, మూల స్తంభం దగ్గర కూర్చుని, స్క్రూడ్రైవరుతో పూత గీకాడు. పూత పెచ్చు ఊడింది. దాని వెనకున్న కాంక్రీటు గట్టిగా లేదు. తడి ఇసుకలా రాలడం మొదలుపెట్టి, చెయ్యి తీసేశాక కూడా రాలుతూనే ఉంది.

ఆ తరవాత చెప్పనక్కర్లేకపోయింది. పావుగంటలో పిల్లలూ, ముసలివాళ్ళూ, పంజరంలో చిలకతో సహా అందరూ రోడ్డవతల ఉన్నారు. బాబాయ్ ఇంటింటికీ వెళ్ళి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. కూతురు దగ్గరికొచ్చింది.

"నేను కొనేటప్పుడు కూడా నీకు తెలుసా నాన్నా?"

"తెలుసమ్మా."

ఆవిడ ఇంకేం అడగలేదు. అడిగి తిట్టి ఉంటే ఆయనకి కొంచెం హాయిగా ఉండేది.

మూడింటికి ల్యాబుకొచ్చి దిమ్మెని ప్రెస్సులో పెట్టాడు. అంకె కాయితం మీద లేకపోతే రేపు కాంట్రాక్టరు మాటలు విని మళ్ళీ లోపలికి వెళ్ళిపోతారు. ఆరేళ్ళు నీళ్ళు తాగిన కాంక్రీటు బలం పెరిగి ఉండాలి. ఇది ఇరవై మూడు టన్నులకే, దిమ్మెలు పగిలేటప్పుడు వచ్చే ఫట్‌మనే చప్పుడు కూడా లేకుండా, నిట్టూర్చి కూలబడింది.

ఫోన్ మోగింది.

"నాన్నా, మూల స్తంభం కూర్చుండిపోయింది. మన హాలు కిందికి దిగిపోయింది. లోపల ఎవరూ లేరు, అందరూ ఇక్కడే ఉన్నారు." కూతురు ఏడుస్తోంది. బాబాయ్ కూడా ఏడ్చాడు, ఊడ్చే ఆవిడ చూస్తున్నా సరే.

మర్నాడు పొద్దున ఆయన తన చేత్తో రాసిన రాజీనామా కాయితం పట్టుకుని ల్యాబు తలుపు తీశాడు. తొట్టి గట్టు మీద ఇంకో దిమ్మె ఉంది. తడిసి, నీళ్ళు కారుతూ. మేకుతో గీకిన తేదీ, కింద గీత, గీత చివర కొక్కెంలా వంపు. పక్కన కాన్పుల ఆసుపత్రి గుర్తు. ఆ ఆసుపత్రికి పునాది తవ్వేనాటికి మేస్త్రీ పోయి రెండేళ్ళు.

బాబాయ్ చెయ్యి అలవాటు చొప్పున దాని మీదికి వెళ్ళింది. మెటిక తగలకముందే వెనక్కి తీసుకున్నాడు. రాజీనామా కాయితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఆసుపత్రికి వెళ్ళే ఆటో కోసం రోడ్డు మీదికొచ్చాడు.