పేగు తీగలు, కాకి ఈకలు

ఈ మధ్య జలుబు చేసి ఆవిరి పట్టుకుందామని, మరుగుతున్న నీళ్లలో నాలుగు చుక్కలు నీలగిరి తైలం వేసి దుప్పటి కప్పుకున్నానో లేదో, ఆ వాసనకి గుండె దడదడలాడటం మొదలుపెట్టింది. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, పటమటలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో, పట్టపగలు, పక్కగదిలో మా ఆయన టీవీ చూస్తుండగా, దుప్పటి విసిరేసి లేచి నిలబడ్డాను. ఆ వాసన నన్ను భవానీపురంలో ఒకప్పుడు మేము అద్దెకున్న పెంకుటింటికి, కిటికీలన్నీ బిడాయించిన ముందుగది గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి వదిలింది. అక్కడ నాకు తొమ్మిదేళ్లు. లోపల మా బాబాయి ఆవిరి పట్టుకుని గొంతు సవరించుకుంటున్నాడు. కాసేపట్లో ఆ గొంతు వస్తుంది. నాకు పారిపోవాలని ఉంది.

మా నాన్న రైల్వే గార్డు, డ్యూటీల మీద ఎక్కువగా ఊళ్లు తిరుగుతూనే ఉండేవాడు. ఇంట్లో మిగిలేది అమ్మ, నాయనమ్మ, నేను, నాన్న తమ్ముడు దయాకర్ బాబాయి. బాబాయి స్కూల్లో లెక్కల మేష్టారు. ఆదివారాలు మా చర్చిలో హార్మోనియం వాయిస్తూ అందరిచేతా పాటలు పాడించేవాడు. వేసవి వస్తే కృష్ణ ఎండిపోయి, ఇసుక తిన్నెల మీంచి వచ్చే వడగాలికి వాకిట్లో ఆరేసిన బట్టలు అరగంటకే బిరుసెక్కిపోయేవి. ఒక ఇంట్లో ఆవకాయకి మామిడికాయలు కొట్టే చప్పుడు, ఇంకో ఇంట్లో కారం దంచే చప్పుడు, వీధి మలుపులో ముంజెల బండివాడి కేక, బొటనవేలితో పొడిచి జుర్రుకుంటే గౌను మీద కారి పడే ముంజె నీళ్లు, ఆ మరక చూసి అమ్మ తిట్టే తిట్లు. ఆ ఎండల మొదట్లోనే మాకు శ్రమకాలం, ఈస్టరుకి ముందు నలభై రోజుల ఉపవాసాలు. ఈస్టరు వచ్చేదాకా నాయనమ్మ మాంసం ముట్టేది కాదు. మట్టలాదివారం నాడు పిల్లలం కొబ్బరి మట్టలు పట్టుకుని వీధుల వెంట పాడుతూ వెళ్లేవాళ్లం, ఆ మట్టల కొసలు ముందు నడిచేవాళ్ల మెడలకి తగిలి గొడవలయ్యేవి. శుభ శుక్రవారం నాడు చర్చిలో తెల్లచీరల మధ్య మధ్యాహ్నం దాకా పస్తుండి, ఇంటికొచ్చి చింతకాయ పచ్చడితో గంజి తాగేవాళ్లం. నాయనమ్మ మందపాటి కళ్లద్దాలు పెట్టుకుని, అక్షరాల కింద వేలు నడిపిస్తూ, పెదాలు కదుపుతూ బైబిలు చదువుకునేది. ఆ వేలు ఆగిందంటే కునుకు పట్టిందన్నమాట.

అప్పట్లో మా చర్చికి మిషన్ ఆసుపత్రి నుంచి ఒక జర్మనీ డాక్టరమ్మ వచ్చేది. ఖద్దరు చీర కట్టుకుని, వచ్చీరాని తెలుగులో అందరినీ ‘అండీ’ అని పిలిచేది. బాబాయి పాట అంటే ఆమెకి ఇష్టం. వయసైపోయి తన దేశానికి వెళ్లిపోతూ, ఒక బిస్కెట్ల రేకు డబ్బా నిండా క్యాసెట్లు బాబాయికి ఇచ్చిపోయింది. వాటిలో ఉన్నది వాళ్ల దేశాల్లో మూడు వందల ఏళ్ల కిందట చర్చిల్లోనూ, రాజుల ఇళ్లలోనూ వినిపించిన సంగీతం. వాయించినవాళ్లు, పాడినవాళ్లు మాత్రం ఇప్పటివాళ్లే. కాకపోతే ఆ కాలపు వాయిద్యాలనే వెతికి పట్టుకుని, దొరకనివి అచ్చం అలాగే చేయించుకుని, అప్పుడెలా పాడేవాళ్లో పాత పుస్తకాల్లో చదివి తెలుసుకుని, అలాగే పాడి రికార్డు చేశారట. ఒక్కో క్యాసెట్‌లో మడతలు మడతలుగా చిన్న పుస్తకం, అందులో ఆ వాయిద్యాల బొమ్మలు ఉండేవి. బడి నుంచి రాగానే బాబాయి గొంతుకి మంచిదని నీలగిరి ఆవిరి పట్టుకుని, కిటికీలు మూసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ బొమ్మలు చూపించేవాడు.

“ఈ వయొలిన్లకి ఇనప తీగలుండవు చిన్నీ. గొర్రె పేగులు ఎండబెట్టి, మెలేసి కడతారు.”

“మరి ఈ పొడుగాటి పెట్టె?”

“మన హార్మోనియంలాగే మెట్టు నొక్కితే లోపల ఈక ముల్లు తీగని మీటుద్ది. కాకి ఈకది.”

బాబాయి అది ముచ్చటగా చెప్పాడు. నేను ఆ సాయంత్రం తొక్కుడుబిళ్ల ఆడుతూ పక్కింటి మంగతో చెప్పాను. మంగ వాళ్లు దివిసీమ నుంచి వచ్చి మా వీధిలో ఎరువుల కొట్టు పెట్టుకున్న రైతులు. ఆ పిల్ల బిళ్ల విసరబోయిందల్లా ఆగిపోయింది.

“పేగులూ, కాకి ఈకలా? అది చేతబడే. మా ఊళ్లో ఒకాయన పొలంలో అయ్యే దొరికినయ్యి. నెల తిరక్కుండా పోయాడు.”

అప్పటినుంచి ఆ పొడుగాటి పెట్టె శబ్దం వినిపిస్తే చాలు, నాకు ఒళ్లు జలదరించేది. ఎవరో చీకట్లో గోళ్లతో రేకును గబగబా గీరుతున్నట్టుండేది. బాబాయి కళ్లు మూసుకుని వింటుంటే ఆయన ముఖంలోకి చూడటానికి కూడా భయపడేదాన్ని.

అన్నిటికన్నా భయపెట్టింది ఒక గొంతు. శుభ శుక్రవారానికి ముందురోజు మధ్యాహ్నం బాబాయి ఒక కొత్త క్యాసెట్ పెట్టాడు. పేగు తీగల వయొలిన్లు మెల్లగా మొదలయ్యాయి, వాటి మీంచి సన్నగా, పైపైకి, ఊపిరే తీసుకోకుండా ఎవరో ఏడుస్తున్నట్టు ఒక పాట లేచింది.

“ఆవిడెందుకు బాబాయ్ అట్టా ఏడుస్తోంది?”

“ఆవిడ కాదమ్మా, మగాయనే,” అని బాబాయి పుస్తకం తిప్పి ఫొటో చూపించాడు. నల్లటి గడ్డం, వెడల్పాటి భుజాలు ఉన్న మనిషి నావంకే చూస్తున్నాడు. ఆ గడ్డంలోంచి ఆ గొంతు వస్తోందంటే ఆయన లోపల ఇంకెవరో ఉన్నారని నాకు అర్థమైపోయింది. చనిపోయిన ఆడమనిషి ఎవరో ఆయన్ని పట్టుకుని వదలటం లేదు. లేచి వంటింట్లోకి పరిగెత్తి, అమ్మ పీట పక్కన కూర్చుని, ఎవరు అడిగినా కదల్లేదు.

ఈస్టరు అయ్యాక ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ముందుగది తలుపు వేసి ఉంది. లోపల అదే గొంతు. కానీ వయొలిన్లు లేవు, పెట్టె శబ్దం లేదు. టేపు తిరిగే గరగర కూడా లేదు. తలుపు సందులోంచి చూస్తే బాబాయి గోడకి ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఆయన మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, ఆ ఆడగొంతు మా బాబాయి నోట్లోంచి వస్తోంది. అది ఆయన్నీ పట్టుకుందని నేను పెట్టిన కేకకి నాయనమ్మ బైబిలు పడేసి వచ్చింది.

తలుపు తీసింది. బాబాయి పాట ఆపలేదు. బహుశా ఆపలేకపోయాడు. నాయనమ్మ చివరిదాకా విని, చెమట పట్టిన ఆయన ముఖం కొంగుతో తుడిచి, నెమ్మదిగా అడిగింది.

“ఎన్నాళ్లనుంచి దయా ఇది?”

“చిన్నప్పట్నుంచీ వచ్చుద్దమ్మా. దాచుకున్నా. డాక్టరమ్మ విని, ఇది జబ్బు కాదు, వాళ్ల దేశంలో ఇట్టా పాడేవాళ్లుంటారని ఈ క్యాసెట్లిచ్చింది.”

“ఇది వాళ్ల దేశం కాదు నాయనా. జనం వింటే నవ్వుతారు. నీకు పిల్లనెవరిస్తారు? ఇంకెప్పుడూ ఆ గొంతుతో పాడమాకు.”

నాయనమ్మ ముఖంలో నేను చూసింది కోపం కాదు. నాకు పట్టిన భయమే ఆమెకీ పట్టింది, కాకపోతే ఆమె భయపడింది దయ్యాలకి కాదు, మనుషులకి. బాబాయి తల ఊపాడు. డబ్బా అటక మీదికి వెళ్లిపోయింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు అన్నం తింటుండగా అమ్మ వడ్డించే గరిటె ఆపి, బాబాయి మెడవంక చూస్తూ ఉండిపోయింది. ముద్ద మింగినప్పుడల్లా ఆయన గొంతు పక్కన ఒక గడ్డ పైకి లేచి కిందికి జారుతోంది. చొక్కా పై బొత్తాం పట్టటం లేదని ఆయన అప్పటికే ఎవరికీ చెప్పకుండా విప్పుకుని తిరుగుతున్నాడట. పెద్ద డాక్టరు చూసి, ఆపరేషన్ చేసి తియ్యాలి, తీశాక ముక్క పరీక్షకి పంపితే తప్ప చెప్పలేం, గొంతు మారిపోయినా మారిపోవచ్చు అన్నాడు. క్యాన్సర్ అన్న మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు. అమ్మ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ‘అదీ’ అని ఆగిపోయేది. మంగ చెప్పిన పొలం ఆయన నాకు గుర్తొచ్చి అన్నం సయించేది కాదు. అటక మీది డబ్బా కింద నడవాల్సి వస్తే ఊపిరి బిగబట్టి నడిచేదాన్ని.

ఆ రోజుల్లోనే కృష్ణకి వరద వచ్చింది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారని చెప్పుకున్నారు. నది హోరు మా వీధిదాకా వినపడేది. పల్లపు వీధులవాళ్లు బియ్యం బస్తాలనీ, కోళ్ల గంపలనీ, ముసలివాళ్లనీ తీసుకుని స్కూళ్లలోకి చేరారు. మా వాకిలిదాకా ఎర్రనీళ్లు వచ్చి, గడప కింద ఆగి, అక్కడే ఊగుతూ ఉన్నాయి. నాయనమ్మ గడప మీద కూర్చుని ఆ నీళ్లవంక ఒకసారి, బాబాయి మెడవంక ఒకసారి చూసేది.

నీళ్లు తీశాక, ఆపరేషన్‌కి ముందు వచ్చిన ఆదివారం పొద్దున, బాబాయి హార్మోనియం తుడుస్తుంటే నాయనమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

“ఇయ్యాల ఆ గొంతుతో పాడు దయా.”

“నవ్వుతారమ్మా.”

“నవ్వనీ. మళ్లీ ఉంటదో ఉండదో.”

చర్చిలో తడిసిన గొడుగుల వాసన, బురద కాళ్ల వాసన. బాబాయి హార్మోనియం ముందు కూర్చోలేదు, బలిపీఠం పక్కన నిలబడ్డాడు. ఒక దావీదు కీర్తన తెలుగు మాటల్ని ఆ గడ్డం మనిషి పాడిన వరసకి తనే కుదుర్చుకున్నాడు. మొదటి మాట పైకి లేవగానే మగవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బెంచీల వెంట పాకింది. ఒక పెద్దాయన లేచి చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. బాబాయి గొంతు ఒక్క క్షణం వణికింది. నేను నాయనమ్మ చీర కుచ్చెళ్లు గుప్పిట పట్టుకుని, ఆగిపోతుంది, ఇప్పుడే ఆగిపోతుంది అనుకుంటున్నాను. కుచ్చెళ్లు నా చేతిలోంచి జారాయి. నాయనమ్మ లేచింది. మోకాళ్ల నొప్పులతో ఎప్పుడూ చివరి బెంచీ దాటని మనిషి, అందరి మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లి, బాబాయి పక్కన నిలబడి, జనం వైపు తిరిగింది. చేతులు కట్టుకుని ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ, కొడుకు పాట అయ్యేదాకా అలాగే నిలబడింది. నవ్వులు ఎప్పుడు ఆగాయో నాకు తెలియదు. పాట అయిపోయాక మాత్రం వాన చప్పుడు ఒక్కటే వినపడింది.

ముక్క పరీక్షలో చెడ్డదేమీ లేదన్నారు. అమ్మ ఆసుపత్రి వరండాలోనే కూలబడి ఏడ్చింది. కట్లు విప్పాక బాబాయి మాట మామూలుగానే వచ్చింది, కొంచెం బొంగురుగా. నెల పోయాక ముందుగదిలో తలుపు వేసుకున్నాడు. గుమ్మం బయట నేను, అమ్మ, నాయనమ్మ నిలబడ్డాం. ఎప్పుడూ పారిపోయే నేను ఆ రోజు ఆ గొంతు రావాలని గట్టిగా కోరుకున్నాను. గాలి వచ్చింది. మళ్లీ గాలే వచ్చింది. తలుపు తీసుకుని వచ్చి, “ప్రాణం మిగిలిందిగా అమ్మా,” అని నాయనమ్మ భుజం తట్టి బడికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నాయనమ్మ తనే స్టూలు వేయించి అటక మీది డబ్బా దింపించింది. ఆ తర్వాత ఆమె ఉన్నన్నాళ్లూ, పిన్నిని పెళ్లి చేసుకుని తెచ్చుకున్నాక కూడా, బాబాయి సాయంత్రాలు ఆ క్యాసెట్లు పెట్టేవాడు, కిటికీలు తెరిచే పెట్టేవాడు. “ఆ మగాయన పాట పెట్టరా,” అని నాయనమ్మ అడిగి పెట్టించుకునేది. వినీ వినీ టేపులు సాగి, ఆ గడ్డం మనిషి గొంతు కూడా తేలిపోయింది.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, ఆ వీధి నిండా అపార్టుమెంట్లు. నదికీ ఇళ్లకీ మధ్య ఎత్తుగా గోడ కట్టారు కాబట్టి వరద వచ్చినా హోరు వినపడటమే తప్ప ఏమీ కనపడదు. నాయనమ్మ లేదు. మంగ వాళ్లు ఎటు వెళ్లారో తెలియదు. ఆ పాత వాయిద్యాల పాటలు మాత్రం ఫోన్‌లో ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతున్నాయి. మొన్న బాబాయి ఇంటికొస్తే వాటిలో ఒకటి పెట్టాను. డెబ్బై దాటిన మనిషి, సోఫాలో ముందుకి వంగి కూర్చుని విన్నాడు.

“ఎప్పుడో పోయినవాళ్ల పాట ఎట్టా ఉండేదో వీళ్లు వెతికి పట్టుకున్నారు. నీ పాట మాత్రం ఎవరూ రికార్డు చెయ్యలేదు బాబాయ్,” అన్నాను.

“టేప్‌రికార్డర్ ఇంట్లోనే ఉంది. ఎవరికీ తోచలా.” నావైపు తిరిగి అడిగాడు. “నీకు గుర్తుందా చిన్నీ, ఎట్టా ఉండేదో?”

గుర్తు తెచ్చుకుందామని కళ్లు మూసుకున్నాను. గొడుగుల వాసన వచ్చింది, కిసుక్కుమన్న నవ్వు వచ్చింది, నాయనమ్మ నడిచి వెళ్తుంటే కనపడ్డ ఆమె వీపు వచ్చింది. గొంతు రాలేదు.

“భయమేసింది బాబాయ్. అదొక్కటే గుర్తుంది.”

“నాకూ అంతేనమ్మా,” అని, వాల్యూమ్ కొంచెం పెంచమన్నాడు.