పద్మ లెక్కలో లేని తప్పు

ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నాలుగంటే నాలుగే మాటలది. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీ ముందు నోరు పెగులుతోంది.

మాది కర్ణాటకలోని చింతామణి. నేను బెంగళూరులో ఫిజిక్స్ పరిశోధన చేసే రోజుల్లో, బాగేపల్లి తాలూకా మిట్టేమరి నుంచి పద్మ మా ల్యాబులో చేరింది. రైతుల బిడ్డ. పక్క తాలూకావాడినని నన్ను అన్నా అనేది. రెండు కణాలను కట్టి ఉంచే బంధం ఎంత దూరం లాగితే తెగుతుందో కంప్యూటరుతో లెక్కగట్టడం మా పని. స్థలాన్ని గళ్ళుగా విడగొట్టి, గీతలు కలిసే ప్రతి చుక్క దగ్గరా ఒక చిన్న అంకెల పట్టిక పెట్టి, పట్టికలన్నిటినీ గొలుసులా కలుపుతాం. టెన్సర్ నెట్‌వర్క్ అంటారు.

ఇద్దరం విడివిడిగా ప్రోగ్రాములు రాశాం. జవాబులు కలవలేదు. మా ఇద్దరి పరిశోధననూ నడిపించే గైడు ముందు తొందరపడి, తప్పు పద్మదే అన్నాను. అప్పటికి నిజంగానే అలా నమ్మాను. నాలుగు రోజుల తర్వాత నా ప్రోగ్రాంలో, గొలుసు చివరి చుక్క దగ్గర, ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ కనిపించింది. దిద్దాను. పద్మ జవాబే వచ్చింది.

అంతలో ఆమె కాగితాలు పట్టుకుని వచ్చింది.

"అన్నా, తప్పు యాడుండాదో రవంత చూపించన్నా. మూడు దినాలుగా వెతుకుతాండాను, కనపడల్యా."

"ఉండాదమ్మా. ఇంకా బాగా చూడు."

ఎందుకన్నాను? అసూయా? గైడు దగ్గర మాట పోతుందన్న భయమా? రేపు చెబుదాంలే అనుకున్నానని, ఆ రేపును రోజూ నేనే ముందుకు నెట్టుకుంటూ పోయానని మాత్రం తెలుసు. లేని తప్పు కోసం వెతికి వెతికి, ఆమె సరిగ్గా ఉన్నవన్నీ మార్చేసింది. తన తెలివి మీదే నమ్మకం పోగొట్టుకుంది. ఏడాది తిరక్కుండా పరిశోధన మానేసింది. నీ జవాబెందుకు మారిందని గైడు నన్నడిగితే, పట్టికలు పెద్దవి చేసి లెక్క ఇంకా కచ్చితంగా కట్టానన్నాను. వ్యాసం నా పేరుతో అచ్చయింది. దాని మీదే ఉద్యోగం వచ్చింది.

పద్మ ఇప్పుడు చిక్కబళ్ళాపురంలో పీయూసీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతోంది. పోయినేడు చింతామణి బస్టాండులో కనిపించింది. పరిశోధనకు తన బుర్ర చాలలేదని నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఆ నవ్వును ఏమనాలి?

నిన్న ఆమెకూ, గైడుకూ, వ్యాసం వేసిన పత్రికకూ ఉత్తరాలు పంపాను. ఇంకా ఎవరూ బదులివ్వలేదు. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. ఆమెకు రాసిన ఉత్తరంలో మొదటి వాక్యం ఇదీ: "పద్మా, నీ లెక్కలో తప్పు లేదు, ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు." దాని కింద, నా ప్రోగ్రాంలో ఆ మైనస్ ఎక్కడుండిందో రాశాను.