రెండు వేళ్ళ మెట్టు

కార్మాక్ టూహీ మా భవనంలో ముప్పై ఎనిమిదేళ్ళు లిఫ్టు నడిపాడు. అతని గురించి చెప్పడానికి నీకేం అర్హత ఉందని ఎవరైనా అడగొచ్చు, ఎందుకంటే అతన్ని పంపించేసిన ఓటు నాదే. అయినా చెబుతాను. నా అంతగా అతన్ని కనిపెట్టి చూసినవాళ్ళు ఆ పన్నెండు అంతస్తుల్లో ఎవరూ లేరు. అభిమానంతో కాదు లెండి, కడుపుమంటతో.

ఇరవై మూడేళ్ళ వయసులో ఐర్లండు నుంచి ఓడ దిగి, వారం తిరక్కుండా మా లిఫ్టులో నిలబడ్డాడట. తెల్లటి చేతిజోళ్ళు, ఇత్తడి గుండీల కోటు, చేతికింద ఇత్తడి పిడి. అంకె నొక్కితే తనంతట తను ఆగే లిఫ్టు కాదు మాది. అంతస్తు దగ్గర పడుతుండగా పిడి వదులు చేసుకుంటూ, బయటి గచ్చుకు సమంగా మనిషే ఆపాలి. కార్మాక్ అటు చూడకుండా, కబుర్లు చెబుతూనే ఆపేవాడు. పెళ్ళి చేసుకోలేదు. వుడ్‌సైడ్‌ పేటలో అద్దె గది, ఆదివారం చర్చి, మంగళవారాలు సెలవు. ఎవరి కాపురం ఎక్కడ బీటలు వారిందో అందరికంటే ముందు అతనికే తెలిసేది, కానీ ఒకరింటి మాట ఇంకొకరింట్లో పొక్కనిచ్చేవాడు కాదు.

మాది నాలుగో అంతస్తు, వెనక వైపు. కిటికీ తెరిస్తే ఎదుటి భవనంలో వాళ్ళ వంటగదులు. లెనోర్ ఫెంటన్‌ది తొమ్మిదో అంతస్తు, ముందు వైపు. కిటికీ నిండా వీధి చెట్ల కొమ్మలు. చలిమంట గూడు మా ఇంట్లోనూ ఉంది గానీ, ఎవరో మహానుభావుడు ఎప్పుడో ఇటుకలతో మూసేశాడు. ఆవిడ ఇంట్లో నిజంగా మండుతుంది. ఇద్దరం ఒకే ఏడు, ఇళ్ళవాళ్ళే వాటాలు కొనుక్కుని భవనాన్ని నడుపుకునే ఈ కోఆపరేటివ్‌లో వాటాదారులమయ్యాం, ఒకే బోర్డు ముందు చేతులు కట్టుకుని కూర్చుని వాళ్ళ ప్రశ్నలకు జవాబులు చెప్పాం. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఆవిడది పుల్లకూర కాదు, పద్నాలుగు మంది కూర్చునే బల్ల మీద విందు.

అవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది లిఫ్టులో జరిగే భాగోతం.

లెనోర్ లిఫ్టు ఎక్కితే చాలు, గుర్రప్పందేల ముచ్చట్లు మొదలు. ఏ గుర్రం కుంటింది, ఏది గెలిచింది, ఇద్దరూ ఒకటే నవ్వులు. తొమ్మిదో అంతస్తుకు వెళ్ళే ఆ నవ్వులు మా గుమ్మం ముందునుంచే పైకి పోయేవి. నేను ఎక్కితే వానొస్తుందా రాదా అన్న ముచ్చటతో సరి. పైగా కొన్నేళ్ళు గడిచాక మా అంతస్తు దగ్గర లిఫ్టును రెండు వేళ్ళ మందం కిందుగా ఆపి, "పైకి అడుగమ్మా" అనేవాడు. ఒకరోజు కాదు, రెండురోజులు కాదు, ప్రతిసారీ.

మా ఆయన హోలిస్ దగ్గర సణిగాను. ఆ కాస్త ఎత్తు ఎక్కలేవా, పైకేగా ఎక్కమంటున్నాడు అని నవ్వేశాడు. ఆయనకు ఒక చేతిలో కర్ర, రెండో చెయ్యి ఎప్పుడూ నా మోచేతి మీద. లెనోర్ విడాకులైన మనిషి. కింద హాల్లో ఆవిడ చూస్తుండగా ఆయన నన్ను గట్టిగా పట్టుకుంటే నేను లోలోపల మురిసిపోయేదాన్ని. చలిమంట నీకుంటే మొగుడు నాకున్నాడే అనుకునేదాన్ని.

ఆ హోలిస్ కూడా పోయాడు. ఆయన్ను సాగనంపిన వారంలోనే ఒకరోజు మా అంతస్తులో దిగుతూ తూలి, కార్మాక్ చెయ్యి పట్టుకుని నిలదొక్కుకున్నాను. దిగులుతో కాళ్ళు తేలిపోయాయి అనుకున్నాను. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే, రెండు వేళ్ళు కిందుగా, "పైకి అడుగమ్మా".

అది యంత్రం లోపమేమోనని సరిపెట్టుకునేదాన్నే. ఒకసారి మా పినతండ్రి కూతురు విల్మా వచ్చింది. లిఫ్టు దిగేటప్పుడు కాలికి అంచు తట్టుకోలేదు కదా అని అడిగితే, సమంగానే ఆగిందే అంది. ఏదో వంక పెట్టి దాన్ని మళ్ళీ కిందికి పంపి రప్పించాను. సమంగానే ఆగిందట. ఇక ఆగలేక, లెనోర్‌తో పనున్నట్టు తొమ్మిదో అంతస్తు దాకా వెళ్ళి చూశాను. అక్కడ గీత గీసినట్టు సమంగా ఆగింది. నా ఒంటిమీద కారం చల్లినట్టయింది. అంటే యంత్రానికి ఏ రోగమూ లేదు. వెనక వైపు ముసల్దంటే అతనికి లోకువ. అడిగితే ఇంకా లోకువైపోతానని నోరు మూసుకున్నాను. అలా ఆరేళ్ళు మూసుకున్నాను.

ఎనభై ఆరులో బోర్డు వాళ్ళు అంకెలు నొక్కే లిఫ్టు పెడదామన్నారు. పెడితే కార్మాక్ ఉద్యోగం పోతుంది. పెట్టాలంటే మూడింట రెండొంతుల వాటాలు ఒప్పుకోవాలి. కింద హాల్లో మడత కుర్చీలు వేసి అందరినీ కూర్చోబెట్టారు. నిజం చెబుతున్నాను, వద్దనాలనే వెళ్ళాను. అంతలో లెనోర్ లేచి, ముత్యాల హారం సర్దుకుని, కార్మాక్ లేకపోతే ఇది తనకు ఇల్లే కాదని, అతను తనకు స్నేహితుడని అంది. స్నేహితుడట! నాకు పైకి అడుగు, ఆవిడకు స్నేహం. చేతులు లెక్కపెట్టేసరికి ఇంకొక్క ఇంటి వాటాలు తక్కువయ్యాయి. నేను చెయ్యెత్తాను. ఎత్తాక చూశాను, కార్మాక్ లిఫ్టు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

అతని ఆఖరి రోజున నేను కూరగాయల సంచితో ఎక్కాను. మేమిద్దరమే. నాలుగో అంతస్తు దగ్గర లిఫ్టు ఆగింది, రెండు వేళ్ళు కిందుగా. "పైకి అడుగమ్మా" అన్నాడు.

నేను దిగలేదు. "ఏమయ్యా కార్మాక్, పోయే రోజున కూడానా? ఆ లెనోర్‌కి సమంగా ఆపుతావు, నాకెందుకయ్యా ఈ ఎగుడుదిగుడు? నేనేం పాపం చేశాను?"

అతను చేతిజోడు సర్దుకున్నాడు.

"అయ్యగారికి ఆఖరి నాలుగేళ్ళూ గడప కనిపించేది కాదమ్మా. కర్ర కొసకి గచ్చు అంచు తగిలితే, ఓహో ఇల్లొచ్చింది అని తెలిసేది. కొంచెం కిందుగా ఆపవయ్యా, మా ఆవిడకి మాత్రం చెప్పకు అన్నారు. అందుకే చెప్పలేదు."

నా మోచేతి మీద ఆయన చెయ్యి గుర్తొచ్చింది. దాన్ని నేను లెనోర్‌కు చూపించుకుని మురిసిపోయాను. ఒకే మంచం మీద పడుకుంటూ మొగుడి చూపు పోయిందని తెలుసుకోలేకపోయాను. నా కళ్ళెప్పుడూ తొమ్మిదో అంతస్తు మీదే కదా.

"ఆయన పోయి ఆరేళ్ళయిందిగా" అన్నాను.

"పోయాక సమంగానే ఆపానమ్మా, ఒక్కసారి. మీరు లేని మెట్టుకి కాలెత్తి పడబోయారు. అప్పట్నుంచి మళ్ళీ ఇలాగే ఆపుతున్నా."

"కార్మాక్, ఆ రోజు నా ఓటు..." అన్నాను.

"చూశానమ్మా" అన్నాడు. ఇత్తడి తలుపు మడిచి పట్టుకున్నాడు. "పైకి అడుగు."

కొత్త లిఫ్టు వచ్చి రెండేళ్ళయింది. బుద్ధిమంతురాలు, ప్రతి అంతస్తులోనూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగుతుంది. పోయిన గురువారం లెనోర్, నేను ఒకేసారి ఎక్కాం. కార్మాక్ వాళ్ళ అక్క దగ్గర ఉంటున్నాడని, తనకు ఉత్తరాలు రాస్తాడని చెబుతోంది. నాకు రాయడు. దానికీ లోపల భగ్గుమంది. నాలుగో అంతస్తు వచ్చింది, తలుపు తెరుచుకుంది. నా కాలు దానంతట అదే పైకి లేచి, ధబ్బున గచ్చు మీద పడింది.

"ఏంటి ఆగథా, లేని మెట్టు ఎక్కుతున్నావు?" అని నవ్వింది లెనోర్.

"అది నా మెట్టు. నీకెప్పుడూ లేదులే" అన్నాను.

జీవితంలో మొదటిసారి ఆవిడ దగ్గర లేనిది నా దగ్గర ఉందని చెప్పుకున్నాను. ఆవిడకు ముఖం చూపించకుండా ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.