దిగినవాడి గొంతు

తడిసిన పింగాణీ ఇన్సులేటర్ల మీద సన్నగా చిటపటలు వినిపిస్తే నాకు ఇప్పటికీ మస్తాన్ బాబాయే గుర్తొస్తాడు. నిన్న సాయంత్రం గురజాలలో జల్లు పడింది. సబ్‌స్టేషన్ గేటు దగ్గర నిలబడి ఆ చప్పుడు వింటూ చాలాసేపు ఆయన్ను తలుచుకున్నాను. లైన్‌మన్లం స్తంభాలెక్కుతాం కాబట్టి జనం కళ్ళలో పడతాం. ఆయన ఏనాడూ స్తంభం ఎక్కలేదు. వెల్దుర్తి వైపు ఒక చిన్న సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్. మేం పని చేయబోయే లైన్‌కు కరెంటు ఆపేదీ, పనయ్యాక తిరిగి ఇచ్చేదీ ఆయనే.

కొత్తలో, కరెంటు ఆపి లైన్ అప్పగించమని అడగడానికి వెళ్తే, ఆయన ముందుగా నా ఇంటి సంగతి అడిగాడు.

"ఇంట్లో ఎవరెవరున్నార్రా?"

"మా ఆవిడ, ఆర్నెల్ల పాప."

"అయితే ఇను. లైన్ నువ్వు తీసుకుంటున్నావు, నువ్వే తిరిగియ్యాల. నీ గొంతు నా చెవినబడాల. ఇంకెవడొచ్చి చెప్పినా నేను స్విచ్ ఎయ్యను."

చాదస్తం మనిషి అనుకున్నాను.

ఆ ఏడాదే, మిరప తోటలు నీళ్ళకు ఎదురుచూస్తున్న రోజుల్లో గాలికి తీగ తెగింది. బాబాయ్ దగ్గర నా పేరు మీద లైన్ తీసుకుని, మధ్యాహ్నం ఎండలో నేనూ, తోటి లైన్‌మన్ అంజయ్యా పనిలోకి దిగాం. తీగ చాలకపోతే అంజయ్య బండి మీద తేవడానికి వెళ్ళాడు. నేను స్తంభం మీదే ఉండిపోయాను. ఈలోగా జేబులోంచి ఫోన్ జారి రాళ్ళ మీద పడి పగిలిపోయింది. అంజయ్య వెళ్ళడం దూరం నుంచి చూసిన రైతులు పని అయిపోయిందనుకుని సబ్‌స్టేషన్‌కు పోయారు. అక్కడ జరిగినదంతా తర్వాత వాచ్‌మన్ నాకు చెప్పాడు.

"పనోడు దిగిపోయాడయ్యా, కళ్ళారా చూశాం. కరెంటియ్యి," అన్నాడట వాళ్ళలో పెద్దమనిషి.

"మీరు చూసింది ఎవర్నో. నా దగ్గర లైన్ తీసుకున్నోడు రాలా. ఫోనూ కలవట్లా."

"తోటలు మాడిపోతన్నయి. నువ్వెయ్యకపోతే మేమే ఏస్తాం!"

మస్తాన్ బాబాయ్ కంట్రోల్ రూమ్‌కు తాళం వేసి, తాళంచెవి పిడికిట్లో పట్టుకుని తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. చొక్కా పట్టి లాగారు. ఎవరో చెవి మీద బలంగా కొట్టారు. కింద పడ్డా పిడికిలి విప్పలేదట.

"ఆ పోలు మీదున్నోడికి చంటిపిల్ల ఉందయ్యా," అన్నాడట. ఆ మాటతో ఒకరిద్దరు వెనక్కి తగ్గారు. మిగతావాళ్ళు తిడుతూ చెట్టు నీడన కూలబడ్డారు.

అంజయ్య వచ్చాక అతుకు పూర్తిచేసి, ఫోన్ లేదు కనుక ఇద్దరం నేరుగా సబ్‌స్టేషన్‌కు వెళ్ళాం. మెట్ల మీద బాబాయ్ కూర్చుని ఉన్నాడు. చొక్కా చిరిగింది, చెవి దగ్గర రక్తం. నన్ను చూసి కూడా లేవలేదు.

"నోరు తెరిచి చెప్పరా."

"దిగాను బాబాయ్. లైన్ మీద ఎవరూ లేరు."

అప్పుడు లేచి తాళం తీశాడు. ఆ పెద్దమనిషి ఒకసారి నా మొహం చూసి తల దించుకున్నాడు. అప్పటిదాకా నేను నిజంగానే స్తంభం మీద ఉన్నానని అతనికి అప్పుడే తెలిసింది. వాచ్‌మన్ మాటలు విన్నాక నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఆయనకు ఎడమ చెవి మళ్ళీ వినపడలేదు. పైగా రైతులతో దురుసుగా మాట్లాడాడని ఎవరో ఫిర్యాదు చేస్తే ఈపూరు వైపు బదిలీ చేశారు. కేసు పెట్టమని నేను పోరాను.

"పైరు ఎండుతుంటే మనిషికి కళ్ళు మూసుకుపోతయిరా. రేపు మళ్ళా వాళ్ళ పొలాల్లోనే కదా నువ్వు పోలెక్కాల్సింది," అన్నాడు. ట్రంకు పెట్టె ఆటోలో పెట్టించి వెళ్ళిపోయాడు. పోయిన ఏడాది కన్నుమూశాడు.

ఇప్పుడు నా కింద కొందరు కుర్రాళ్ళు పని చేస్తున్నారు. పై అధికారుల నుంచి ఫోన్లు వస్తాయి, గేటు దగ్గర అరుపులు వినిపిస్తాయి, "దిగారంటండీ" అని ఎవరో ఒకరు కబురు తెస్తారు. ఎవరేమన్నా, లైన్ తీసుకున్న కుర్రాడు తన నోటితో "దిగాను" అనేవరకు నేను కరెంటు ఇవ్వనివ్వను. విసుక్కుంటారు, చాదస్తం అంటారు. అననీ.