అత్తమ్మ మాటల నవల

మొన్న చాంద్రాయణగుట్ట వంతెన కింద ఆటో కదలక చాలాసేపు కూర్చుండిపోయినప్పుడు, ఒకప్పుడు ఇదే దారిన కుదురులేని కాళ్ళతో తిరిగిన రోజులు గుర్తుకొచ్చాయి. డెబ్బైల మొదట్లో మాది ఛత్రినాకలో రెండు గదుల ఇల్లు, నేను బడిపంతులమ్మను, గోల్కొండ ముట్టడి నాడు కోటలో నీళ్ళు మోసిన ఆడవాళ్ళ మీద మొదటి నవల రాస్తూ, నల్లబల్ల మీద లెక్క సగంలో వదిలేసి కిటికీ దగ్గర నిలబడేదాన్ని, పొయ్యి మీద పప్పు మాడబెట్టేదాన్ని, సాయంత్రం కూరగాయలకని మాదన్నపేట వెళ్ళి ఎటో నడుస్తూ పోయేదాన్ని.

ఆ ఆడవాళ్ళు ఎట్లా మాట్లాడి ఉంటారో ఎంతకీ తోచక, చివరికి వంటింట్లో బియ్యం ఏరుతూ మా అత్తమ్మ మాట్లాడే మాటనే వాళ్ళ నోట పెట్టాను.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వారపత్రికలో సీరియల్ వస్తుందంటే అప్పట్లో అదెంత గొప్పో. ఒక పత్రిక సంపాదకుడు నవల వేసుకుంటానన్నాడు, కాకపోతే, "చరిత్ర నవలలో ఈ యాస ఏమిటమ్మా, పాఠకులు నవ్వుతారు, మార్చి తీసుకురండి" అన్నాడు. మార్చడానికి కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. వారాలు గడిచాయి కానీ ఒక్క పేజీ సాగలేదు. నా అవస్థ చూసి సంగతేమిటని అడిగిన అత్తమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"మార్చెయ్ బిడ్డా, మా మాట ఎవరికి గావాలె, అచ్చయితే సాలు" అంది, చేట మీంచి తల ఎత్తకుండానే.

ఆ మాటలో రవ్వంత బాధైనా లేకపోవడమే నన్ను కలచివేసింది. మర్నాడే వెళ్ళి, మార్చనని సంపాదకుడికి చెప్పి వచ్చాను.

తరువాత కొన్నేళ్ళు ఎన్ని ప్రెస్సుల గుమ్మాలు ఎక్కానో చెప్పలేను. శాలిబండ దగ్గర ఒక చిన్న ప్రెస్సాయన ధైర్యం చేసి, ఒక్క అక్షరం మార్చకుండా వేశాడు. ఆ పుస్తకానికే నా మొదటి బహుమతి వచ్చింది. సభలో ఒక పేజీ చదువుతుంటే ముందు వరుసలో అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం చూశాను. తిరిగి వస్తూ రిక్షాలో, "గంత మందిల నా మాటలు సదివినవ్, నీకు సిగ్గయితలేదా" అని మందలించి, ఇంటి ముందు దిగుతూ, "మల్లెప్పుడు సదువుతవ్" అని అడిగింది.

ఇప్పుడు ఆ యాసలో రాస్తే నవ్వేవాళ్ళు లేరు, మెచ్చుకుంటున్నారు కూడా. నేనూ ఆ తరువాత ఎన్నో రాశాను, బహుమతులూ వచ్చాయి. అయినా ఏ ముసలమ్మ నోటి మాటో తట్టక కలం ఆగినప్పుడు, ఎవరూ లేరని తెలిసీ, నా తల వంటింటి వైపే తిరుగుతుంది.