కొండగట్టు హుండీలో మా తమ్ముడి పతకం

మా తమ్ముడికి మానేరు డ్యాం గట్టు మీద నిలబడితేనే కళ్లు తిరిగేవి. అలాంటివాడు బతుకుదెరువుకు దేశం దాటి, ఓడలో వంటవాడిగా చేరి, చివరికి వలసపోయిన దేశపు నౌకాదళంలోనే నావికుడయ్యాడు. యుద్ధంలో వాడి ఓడకు క్షిపణి తగిలింది. మంటల్లోకి దూరి ఇద్దరిని భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. ఆ దేశం వాడి ఛాతీకి పతకం పెట్టింది.

ఓడకు క్షిపణి తగిలిందన్న వార్త విన్న రోజే మా అమ్మ, మేం అవ్వ అని పిలుస్తాం, కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది. కొడుకు ప్రాణాలతో ఇల్లు చేరితే, వాడు తెచ్చినవాటిలో అన్నిటికంటే విలువైనది హుండీలో వేస్తానని.

పోయిన నెల వాడు సెలవు మీద కరీంనగర్ వచ్చాడు. అవ్వకు రెండు తులాల గొలుసు తెచ్చాడు. గొలుసు దేవుడికే పోతుందని అందరం మనసు గట్టి చేసుకున్నాం. నేను నోరు మూసుకుని ఉంటే కథ అక్కడితో తీరేది. వచ్చిన ప్రతి చుట్టానికీ పతకం పెట్టె తెరిచి చూపించి, "దీని ముందు బంగారం ఏపాటిది?" అన్నాను. తమ్ముడిని కూర్చోబెట్టి మంటల కథ మొదటి నుంచి చెప్పించాను. వాడు తగ్గించి చెప్పిన చోటల్లా నేనే సరిచేశాను. అవ్వ అంతా విన్నది.

మొక్కు రోజు గొలుసు మెడలో వేసుకుని, పతకం కొంగున ముడేసుకుని బయల్దేరింది.

"గొలుసు నీ మెడకు, పతకం దేవునికా? గది ఉత్త కంచుదే అవ్వా!"

"మొన్నటిదాంక బంగారం కంటె ఎక్కువన్నవ్. ఇయ్యాల కంచయిందా? అంజన్ననే మోసం చెయ్యమంటవా?"

"దేవునికి పతకమేం అక్కెర?"

"ఆయన సుత సముద్రం దుంకిండు గదనే. మంటలల్ల తిరిగిండు. ఎవ్వలన్న ఒక్క బిళ్లన్న ఇచ్చిన్రా పాపం?"

డిగ్రీ చదివిన నేను, బస్సు దిగి ఆటోలో కొండెక్కేదాకా, కంచు ధర ఎంతో అవ్వకు లెక్కగట్టి చెబుతూనే ఉన్నాను.

వరుసలో తమ్ముడి చెవిలో అన్నాను, "నీదిరా అది. వద్దని ఒక్క మాట చెప్పు." వాడు వరుసలో ఒక అడుగు ముందుకు జరిగాడు. హుండీ దగ్గర అవ్వ పతకం తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని లోపలికి జారవిడిచాడు గానీ, రిబ్బను చివర ఇంకా వేలికే చుట్టుకుని ఉంది. లాగితే వచ్చేస్తుంది.

"ఓ అన్నా, జర ముందుకు నడువు! ఎన్కల మస్తు మంది ఉన్నరు!" అని ఎవరో అరిచారు.

వాడు రిబ్బను వదిలేశాడు.

మెట్లు దిగుతున్నంతసేపూ వాడిని చెడామడా తిట్టాను. అంతా విని వాడు నెమ్మదిగా అన్నాడు, "అక్కా, ఆ మంటలల్ల ముగ్గురుండిరి. నేను తెచ్చింది ఇద్దర్నే. నువ్వు పెట్టె తెరిచినప్పుడల్ల నాకు మూడోడే యాదికొస్తుండె. ఇగ చూపియ్యమని ఎవ్వలు అడగరు గద."

ఫోన్ తీసి, ఆ సాయంత్రం పతకం చూడటానికి నేనే పిలిచిన మా కాలేజీ లెక్చరర్లు ఇద్దరికి రావద్దని చెప్పాను.